చొక్కాకు గుచ్చిన అద్దె తెలివి

హ్యూమేన్ అనే అమెరికా కంపెనీ 2023 నవంబరులో చొక్కాకు గుచ్చుకునే పిన్నొకటి తెచ్చి లోకానికి చూపించింది. యాపిల్‌లో పనిచేసి బయటికొచ్చిన ఆలుమగలు పెట్టిన కంపెనీ అది. పిన్ను ధర 699 డాలర్లు, అంటే అప్పటి మన లెక్కలో 60 వేల రూపాయలకు కాస్త తక్కువ. ఆపైన నెలనెలా 24 డాలర్ల చందా. దానికి తెర లేదు. చెయ్యి చాపితే లేజరుతో అరచేతిలోనే అక్షరాలు రాసేది. అరచేతిలో వైకుంఠం చూపించే విద్య మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది గానీ, దానికి 23 కోట్ల డాలర్ల పెట్టుబడి ఎవరూ పెట్టలేదు. వాళ్లకు పెట్టారు.

2024 ఏప్రిల్‌లో పిన్ను జనం చేతికొచ్చింది. జూన్‌లో కంపెనీ నుంచి కబురొచ్చింది: ఛార్జింగ్ డబ్బా వాడకండి, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కంపెనీ ఆస్తుల్ని హెచ్‌పీ 11.6 కోట్ల డాలర్లకు కొనేసుకుంది. ఫిబ్రవరి 28 మధ్యాహ్నానికల్లా సర్వర్లు కట్టేశారు. ఇక ఫోను కలవదు, మెసేజీ పోదు, అడిగితే జవాబు రాదు. అంతకుముందు 90 రోజుల్లో అందుకున్నవాళ్లకే డబ్బు వాపసు. అయినా కొన్నవాళ్లు మరీ బాధపడకుండా కంపెనీ ఒక్క భరోసా ఇచ్చింది. సర్వరు లేకపోయినా పిన్ను కొన్ని పనులు చేస్తూనే ఉంటుందట. ఉదాహరణకు, తన బ్యాటరీ ఎంతుందో చెబుతుందట.

మా బొగ్గు గనుల కొత్తగూడెంలో కూర్చుని నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ పిన్ను చచ్చినా దాని సంతానం చావలేదు, మన దాకా వస్తోంది. మాట్లాడే టోపీ, నవ్వే బెల్టు, మూడు మాటలంటే మూడు రంగులు మారే కమ్మలు. ‘సరదా స్మార్ట్ తొడుగులు’ అని కాలేజీ ఎక్స్‌పోల్లో బల్లలకెక్కుతున్నాయి. వీటి తయారీ ఏమీ దేవరహస్యం కాదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోతే ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఓ చిన్న మైకు, ఓ స్పీకరు, రంగుల ఎల్‌ఈడీల వరస, కదలిక పసిగట్టే సెన్సారు, లిథియం బ్యాటరీ. సోల్డరింగ్ పొగ పీలుస్తూ రాత్రంతా కూర్చుంటే తెల్లారేసరికి తల ఊపినప్పుడల్లా మెరిసే టోపీ తయారు. ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు. పదో తరగతి పిల్ల ఇది చేసి తెస్తే భుజం తట్టాలి.

పేచీ ఆ తర్వాతి మెట్టులో ఉంది. మాట్లాడే టోపీకి సొంత బుర్ర లేదు. మైకు విన్నదంతా వైఫై మీదుగా ఎక్కడో ఉన్న సర్వరుకు పోతుంది. అక్కడ మాట అక్షరాలవుతుంది, అక్షరాలు ఓ పెద్ద భాషా నమూనా ముందుకు పోతాయి, అది అల్లిన జవాబు మళ్లీ గొంతై తిరిగొస్తుంది. నువ్వు కొన్నది ప్లాస్టిక్కు, బుర్ర అద్దెది. ఇంటద్దె కట్టకపోతే ఓనరు మన సామాను బయట పడేస్తాడు. ఇక్కడ మనం అద్దె కడుతూనే ఉన్నా ఓనరే ఓ రోజు ఇల్లు మడిచి సంకలో పెట్టుకుని పోతాడు.

పెద్దవాళ్లకైతే పోనీ అనుకోవచ్చు. మాక్సీ అని పిల్లల కోసం ఓ రోబో బొమ్మ ఉండేది. అయిదు నుంచి పదేళ్ల పిల్లలతో కబుర్లు చెప్పి, కోపం ఎలా తగ్గించుకోవాలో, స్నేహం ఎలా చెయ్యాలో నేర్పేది. ధర 799 డాలర్లు. 2024 డిసెంబరులో దాన్ని చేసిన ఎంబోడీడ్ కంపెనీకి డబ్బులైపోయాయి. బొమ్మ ఎందుకు మాట్లాడటం మానేస్తుందో పిల్లలకు నచ్చజెప్పమని తల్లిదండ్రులకు కంపెనీయే ఓ ఉత్తరం రాసిచ్చింది. స్నేహం నేర్పడానికి వచ్చిన బొమ్మ ఆఖరి పాఠంగా దివాలా నేర్పిపోయింది. అయిదేళ్ల వయసుకే పెట్టుబడిదారీ వ్యవస్థ మీద ఇంత స్పష్టమైన క్లాసు మా కాలంలో ఏ స్టడీ సర్కిల్లోనూ దొరకలేదు.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. సికింద్రాబాద్‌లో డ్యూసేర్ టెక్నాలజీస్ అనే సంస్థ 2014లో ‘లేచల్’ పేరుతో బూట్లు తీసుకొచ్చింది. క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ దాని కర్తలు. ఫోనులో మ్యాపు చెప్పినట్టు ఎడమకు తిరగాలంటే ఎడమకాలి బూటు, కుడికి తిరగాలంటే కుడికాలి బూటు వణికేవి. మొదట చూపు లేనివాళ్ల కోసం పుట్టిన ఆలోచన. నిజం చెప్పాలంటే ఈ జాతి వస్తువుల్లో నేను మెచ్చుకునేది అదొక్కటే. కళ్లకు, చెవులకు పని పెట్టకుండా కాలికి చెప్పడంలో మర్యాద ఉంది. తర్వాత అదే బూటు కేలరీలు లెక్కపెట్టే షోకులకు కూడా ఎక్కిందనుకోండి, అది వేరే సంగతి. (భద్రాద్రి రాముడి దర్శనానికి ఇలాంటి బూట్లు తొడుక్కుని రైల్లో వచ్చేవాళ్లకు ఓ మనవి: భద్రాచలం రోడ్ స్టేషన్ రాగానే బూటు వణికినా కంగారుపడి గుడి కోసం వెతకకండి. అది కొత్తగూడెం. రాముడు ఇంకో 40 కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక ఉంటాడు.)

ఇక కాలి నుంచి చేతికొద్దాం. 2018 జనవరిలో అమెజాన్‌కు రెండు పేటెంట్లు వచ్చాయి. గోదాము కార్మికుల ముంజేతికి కట్టే పట్టీ మీద అవి. చెయ్యి ఏ అరవైపు పోతోందో కనిపెడుతుంది, తప్పుడు అర దగ్గరికి పోతే వణికి హెచ్చరిస్తుంది. సికింద్రాబాద్ బూటులో ఉన్న వణుకే ఇది. అక్కడ డబ్బిచ్చి తొడుక్కున్నవాడికి దారి చూపించింది, ఇక్కడ జీతానికి తొడుక్కున్నవాడి చెయ్యి పట్టుకుని లాగుతుంది. పేటెంటు కాగితం మీదే ఉండిపోవచ్చు గానీ, ఆలోచన ఎటు నడుస్తుందో చెప్పడానికి కాగితం చాలు.

మన దేశానికి పేటెంట్ల దాకా ఆగే ఓపిక లేదు. 2020లో చండీగఢ్‌లో పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ వాచీలు కట్టారు. ఎంతసేపు ఊడ్చారు, ఎక్కడ ఆగారు, నీడ కోసం ఎటు జరిగారు, అన్నీ ఆఫీసులో తెర మీద కనపడేవి. వాళ్లు రోడ్డెక్కి గొడవ చేశారు. మరుగుదొడ్డికి పోవాలన్నా భయమేస్తోందన్నారు ఆడవాళ్లు. ఊరి చెత్త ఎత్తే మనిషి మీద అంత నిఘా, ఆ చెత్త పారబోసే కాంట్రాక్టరు లారీ మీద ఎంత ఉందో మీరూ నేనూ రోడ్డు పక్కన చూస్తూనే ఉన్నాం. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఓ లేఖలో లబోదిబోమంది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారట, ఉన్న ఫొటోకే మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారట. ఇన్నేళ్లుగా నేను చూసిన డిజిటల్ సృజనలో నిజంగా ఆటలాగా ఉన్నది ఇదొక్కటే, దానికి స్టార్టప్ పెట్టుబడి కూడా అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మా ఊరికొద్దాం. ఈసీఈ చదివే పిల్లలకు ఫైనలియర్‌లో ఓ ప్రాజెక్టు ఉంటుంది. దాని పేరు ‘బొగ్గు గని కార్మికుల కోసం స్మార్ట్ హెల్మెట్’. దేశమంతా చేస్తారు. బొగ్గు పెల్ల కళ్ల చూడని ఊళ్లలో కూడా చేస్తారు. అన్న దగ్గర్నుంచి తమ్ముడు, సీనియరు దగ్గర్నుంచి జూనియరు, కనీసం టైటిల్ కూడా మార్చకుండా వారసత్వ ఉద్యోగంలా అందుకుంటారు. మొదట్లో జిగ్‌బీ ఉండేది, తర్వాత ఐఓటీ అన్నారు, ఈ ఏడాది క్లౌడ్ ఏఐ అంటున్నారు. హెల్మెట్ మాత్రం అదే పసుపు హెల్మెట్, అదే ఎంక్యూ గ్యాస్ సెన్సారు, అదే పీక్‌మనే బజరు. అది తీసుకుని ఓ కుర్రాడు పద్మావతి ఖనిలో సర్దారుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి ముందుకు వచ్చాడనుకోండి. మాట ఇలా నడుస్తుంది:

“బాబాయ్, బాయిల మీథేన్ వచ్చిందనుకో, ఈ హెల్మెట్ వెంటనే క్లౌడ్‌కు పంపుతది.”

“ఎక్కడుంటది బిడ్డా అది?”

“ముంబయిల.”

“ముంబయి నుంచి ఎవరొస్తరు?”

“ఎవ్వరూ రారు బాబాయ్, నీ ఫోనుకు అలర్ట్ వస్తది.”

“నా ఫోను పైన పెట్టి దిగిన కదరా.”

“అయితే ఏఐ నీతోని మాట్లాడతది. టెన్షన్ పడకుండా జోకులు చెప్తది.”

“సిగ్నల్ ఏది?”

కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు. పెద్దాయన దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. గనిలోకి దిగేముందు జేబులు తడుముతారు. బీడీ ఉందా, అగ్గిపెట్టె ఉందా అని. నిప్పురవ్వ పుట్టించగలిగేది ఏదీ కిందికి పోగూడదు. కరెంటు పరికరం దిగాలంటే ధన్‌బాద్‌లో ఉండే గనుల భద్రతా డైరెక్టరేట్ ఒప్పుకోవాలి. గుజరాతీ గల్లీ గ్యాస్ సెన్సారు లోపల ఎప్పుడూ కాగుతూ ఉండే హీటరొకటి ఉంటుంది, అది లేకపోతే సెన్సారు పనిచెయ్యదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే రవ్వ తగిలితే చాలు, పేలుతుంది. అంటే గ్యాసు జాడ చెప్పే హెల్మెట్టు ముందు గ్యాసును బతిమాలుకోవాలి, నేను చూసి చెప్పేదాకా కాస్త ఆగమ్మా అని.

గని మనుషులకు ఒంటి మీది తెలివి కొత్తేమీ కాదు. విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది 1871లో. 1815లోనే హంఫ్రీ డేవీ ఇనుప జాలీ దీపం చేసిపెట్టాడు. గ్యాసుంటే ఆ దీపం మంట నెత్తిన నీలి టోపీ పెట్టుకుంటుంది. ఆ టోపీ ఎత్తు చూసి సర్దార్లు గ్యాసు శాతం చెప్పేవాళ్లు. చందా లేదు, పాస్‌వర్డు లేదు, డేవీ పోయినా దీపం బ్యాటరీ శాతం చెప్పుకుంటూ కూర్చోలేదు. తర్వాత కొలిచి అంకె చూపించే మీథేన్ మీటర్లొచ్చాయి, మంచిదే. 1.25 శాతం దాటితే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి పంపాలన్నది నిబంధన, ఆ నిర్ణయం అక్కడికక్కడే జరగాలి. ఇక ఆచూకీ సంగతి. లాంపు రూములో నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు. షిఫ్టు దిగాక ఏ నంబరు లెక్క తేలలేదో ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ బిళ్లకు నువ్వు కిందెక్కడ కూర్చుని సద్దిమూట విప్పావో తెలియదు, నీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో తెలియదు. నువ్వు పైకి రాలేదన్న ఒక్క ముక్క తెలుసు. చెప్పాల్సింది ఆ ముక్కే.

పైన భూమ్మీద బతికేవాళ్ల కథ వేరే. యాపిల్ మామూలు వాచీలకు అనువైన గాలి వేడి 0 నుంచి 35 డిగ్రీలని కంపెనీయే రాసిపెట్టింది. కొత్తగూడెంలో మార్చి దాటాక పగటిపూట 35 అంటే చల్లబడ్డట్టు. మే నెలలో 45 దాటినప్పుడు ఓపెన్‌కాస్టులో డంపరు ఎక్కే మనిషికి మెడికల్ లీవు దొరకదు, ఆయన వాచీకి మాత్రం కంపెనీయే ముందుగా రాసిచ్చింది. నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే కూలబడ్డ మనిషి ముంజేతి మీద మెరుస్తుంది కదా: “మీ నిద్ర నాణ్యత తగ్గింది, రాత్రి పదింటికల్లా పడుకోండి.” ఈ సలహా మేనేజరు వాచీలో కనపడితే పనికొచ్చేది.

అడవి వైపు ఇంకా మంచి మార్కెట్టు ఉంది. తునికాకు సీజనుకు ఆటల రూపంలో ఓ పట్టీ నేనే డిజైన్ చేసిస్తాను, ఎవరైనా ఇంక్యుబేటర్‌వాళ్లు ముందుకొస్తే. 50 ఆకులు పేర్చి కట్ట కట్టగానే టింగుమంటుంది. వెయ్యి కట్టలైతే ఓ ప్రామాణిక సంచి కాబట్టి అప్పుడు పట్టీ మీద బంగారు నక్షత్రం వెలుగుతుంది. ఎలుగుబంటి ఎదురైతే మీ గుండె వేగం బాగా పెరిగింది, శభాష్, ఈరోజు వ్యాయామం పూర్తయిందని అభినందిస్తుంది. బోనస్ డబ్బులు ఎప్పుడు పడతాయని అడిగితే మాత్రం క్షమించండి, ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదంటుంది. ఈ జవాబుకు కృత్రిమ మేధ ఎందుకు, ఆఫీసుల్లో సహజంగానే దొరుకుతోంది కదా అంటారా? అక్కడ బెంచీ మీద కూర్చోవాలి. ఇక్కడ చేతికే వస్తుంది.

అది ఏ భాషలో మాట్లాడుతుందన్నది ఇంకో ముచ్చట. ములకలపల్లి, చర్ల వైపు కోయ అవ్వ మెడలో ఓ మాట్లాడే పతకం వేస్తే ఆమె కోయ మాటను అది తప్పుల తెలుగుగా రాసుకుంటుంది. కేంద్రం 2025లో ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది, మంచి పనే. మొదటి విడతలో గోండీ, భీలీ, ముండారీ, సంతాలీ ఉన్నాయి, కోయ లేదు. ఆమె మాట దానికి తెలియదు గానీ ఆమె ముఖం మాత్రం సర్కారుకు కావాలి. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. టవరు దొరకని గూడెంలో అంగన్‌వాడీ టీచరు ఫోను పైకెత్తి పట్టుకుని, బాలింతను ఎండలో నిలబెట్టి, కళ్లు మూసి తెరవమ్మా అంటుంది. అడవిలో ఇంతకాలం వలస వచ్చిన గొత్తికోయలకు కాగితాలు లేవని చెప్పి వెనక్కి పంపారు. ఇకమీదట సిగ్నల్ లేదని చెప్పి పంపొచ్చు. కాగితమైతే ఎప్పటికైనా పుట్టించుకోవచ్చన్న ఆశ ఉండేది.

ఇంత చెప్పాక కూడా, ఈ తొడుగులకూ కొత్తగూడేనికీ సంబంధమేంటని అనేవాళ్లుంటారు. సంబంధం గట్టిది, కాకపోతే తీగ పొడుగు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు 41,500 కోట్ల యూనిట్ల కరెంటు తాగాయి. 2030కల్లా అది 94,500 కోట్లవుతుందని అంచనా. హైదరాబాద్ చుట్టూ డేటా సెంటర్లకు 15 వేల కోట్ల పెట్టుబడి అని మైక్రోసాఫ్ట్ 2022లో చెప్పింది, విశాఖలో 1,500 కోట్ల డాలర్లని గూగుల్ 2025 అక్టోబరులో చెప్పింది. దేశంలో పుట్టే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా ఇంకా బొగ్గుదే. మనుగూరులో భద్రాద్రి ప్లాంటు 1,080 మెగావాట్లు, పాల్వంచలో కేటీపీఎస్ ఏడో దశ ఒక్కటే 800 మెగావాట్లు. ఎక్కడో ఓ కుర్రాడు మెడలో పతకాన్ని ఓ జోకు చెప్పమని అడుగుతాడు. గ్రిడ్డు లోపల ఏ యూనిట్టు ఎవరిదో ఎవరూ విడదీసి చెప్పలేరు కాబట్టి ఆ జోకుకు మా ఓపెన్‌కాస్ట్ దుమ్ము ఎంత ఖర్చయిందో ఎవరూ లెక్క కట్టరు. పాల్వంచలో మాత్రం ఆరేసిన బట్టల మీద ఆ లెక్క బూడిద రంగులో పడుతుంది. అది తుడిచి, ఆ బట్టలే తొడుక్కుని పనికి పోతారు జనం. ఇది కూడా ఒంటి మీది టెక్నాలజీయే, అప్‌డేట్లు రోజూ వస్తాయి.

సరే, ఇంత తిట్టాక ఈ కంపెనీలను ఊళ్లోకి రావద్దని చెప్పడం మా పద్ధతి కాదు. బేరం కుదుర్చుకోవడం ఈ ఊరికి బాగా తెలుసు. సమ్మె నోటీసు రాయడం ఈ ఊరి పిల్లలకు ప్రేమలేఖ కంటే ముందు వస్తుంది. కాబట్టి సరదా తొడుగుల కంపెనీలకు మా డిమాండ్లు. సిగ్నల్ లేకపోయినా పరికరం తన అసలు పని చెయ్యాలి, బ్యాటరీ శాతం చెప్పడం అసలు పనిగా ఒప్పుకోం. కంపెనీ మూతపడేటట్టయితే సర్వరు ప్రోగ్రాము జనానికి వదిలేసి పోవాలి. ఎంబోడీడ్ చివర్లో అలాంటిదేదో చేసి మాక్సీల ప్రాణం కొంత నిలిపింది కదా, ఆ పని మొదటి రోజే రాసిస్తే సరిపోతుంది. పనివాళ్ల చేతికి కట్టేది ఏదైనా సరే, విప్పి పక్కన పెట్టినందుకు జీతం కొయ్యకూడదు. చండీగఢ్‌లో ఊడ్చేవాళ్ల చేతికి కట్టిందే కమిషనరు చేతికీ కట్టాలి, ఆయన ఎక్కడెక్కడ ఆగాడో ఊడ్చేవాళ్లకు తెర మీద కనపడాలి. అంగన్‌వాడీలో ముఖం దొరక్కపోతే పోషకాహారం ఆగకూడదు, మిషను ఆగాలి.

చివరి డిమాండు మీద మాత్రం బేరం లేదు. షిఫ్టు అయిపోయి ఇంటికొచ్చాక, ఆదివారం మంచం మీద దొర్లుతున్నా మా గుండె, మా అడుగులు, మా గురక లెక్కపెట్టి ముంబయికి పంపించి వాటి మీద మీ నమూనాలకు చదువు చెప్పించుకుంటున్నారు. అది మేం చేస్తున్న పని. దానికి మస్టరు పడాలి, ఆదివారానికైతే ప్లే డే రేటు, అంటే రెట్టింపు. బకాయిలు మాకు పతకం వేసిన రోజు నుంచి లెక్క.